ఇంటింటి విద్యుత్తు: కదిలితే వెలిగే దీపం

డిసెంబరు 14వ తేదీని జాతీయ ఇంధన పరిరక్షణ దినంగా జరుపుకొంటున్నాము. ఆ రోజున కార్యాలయాలలో ప్రతిజ్ఞ చేయడం, పిల్లలకు చిత్రలేఖన పోటీలు పెట్టడం మనకు ఆనవాయితీ. ప్రతిజ్ఞ చేసి ఇంటికి చేరిన తరువాత ఏమి చేయాలన్నది మాత్రం ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం. మనిషి వస్తే వెలిగి, వెళ్ళిపోతే ఆరిపోయే సెన్సార్ దీపాలు బజారులో విరివిగా దొరుకుతున్నాయి కనుక, వాటిని ఇంటి నిండా అమర్చుకోవచ్చునా అని క్వార్టర్లలోని మిత్రులు పలువురు మమ్మల్ని అడుగుతున్నారు. కొన్ని చోట్ల తప్పక అమర్చుకోవాలి. కొన్ని చోట్ల అమర్చితే పొదుపు కంటే ఖర్చే ఎక్కువ. ఇదే మా సమాధానం. ఎందుకో లెక్కతో సహా మనవి చేస్తాము.

మొదటి పొదుపు సెన్సార్‌లో లేదు, బల్బులో ఉంది. పాత ఫిలమెంట్ బల్బు తాను తీసుకున్న విద్యుత్తులో పదోవంతునైనా వెలుగుగా మార్చలేదు; మిగిలినదంతా వేడిగా పోతుంది. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇచ్చే వెలుగును 9 వాట్ల ఎల్‌ఇడి బల్బు ఇస్తుంది. రోజుకు 5 గంటలు వెలిగే దీపాన్ని ఇలా మార్చితే ఏడాదికి సుమారు 93 యూనిట్లు మిగులుతాయి. 2015 జనవరి 5న ప్రారంభమైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్‌ఇడి బల్బులు దేశంలోని ఇళ్ళకు చేరాయి. ఆ పంపిణీని నిర్వహించిన ఇ.ఇ.ఎస్.ఎల్. అనే సంస్థను నెలకొల్పినవి ఎన్.టి.పి.సి., పవర్‌గ్రిడ్ మొదలైన ప్రభుత్వరంగ సంస్థలే కావడం మనకు గర్వకారణం.

ఇక సెన్సార్ మాట. ఇళ్ళలో ఎక్కువగా వాడేది పి.ఐ.ఆర్. రకం. అది తాను ఏ కిరణాలనూ ప్రసరింపజేయదు. మన శరీరపు వేడి నుండి వెలువడే పరారుణ కిరణాలలో వచ్చే మార్పును గమనిస్తుంది. పైన కనిపించే తెల్లని గీతల మూత ఒక కటకం. అది గదిని చిన్న చిన్న మండలాలుగా విభజిస్తుంది. మనిషి ఒక మండలం నుండి మరొక దానికి అడ్డంగా నడిస్తే సెన్సార్ వెంటనే కనిపెడుతుంది. సూటిగా ఎదురుగా వస్తే కొంత ఆలస్యం చేస్తుంది. కదలక కూర్చుంటే మనిషి లేడనే అనుకుంటుంది. అందువలన చదువుకునే గదిలో దీనిని పెట్టితే, పుస్తకం పట్టుకున్న పెద్దమనిషి రెండు నిమిషాలకొకసారి చేతులు ఊపవలసి వస్తుంది!

మరొక సంగతి. దీపం ఆరినా సెన్సార్ నిద్రపోదు. అర వాటు తీసుకునే సెన్సార్ రోజు మొత్తానికి 12 వాట్-గంటలు ఖర్చు చేస్తుంది. స్నానాలగదిలోని 9 వాట్ల దీపం రోజుకు గంటసేపు వెలిగితే దాని ఖర్చు 9 వాట్-గంటలు మాత్రమే. అంటే యజమాని కంటే కాపలాదారు ఎక్కువ తింటున్నాడన్నమాట. అదే దీపం మెట్ల దగ్గర రాత్రి 12 గంటలూ వెలుగుతూ ఉంటే ఖర్చు 108. సెన్సార్ పెట్టి, మొత్తం మీద గంటసేపు వెలిగేటట్లు చేస్తే 21. ఏడాదికి దాదాపు 32 యూనిట్ల ఆదా. కనుక మెట్లు, పెరడు, గేటు వంటి చోట్ల సెన్సార్ లాభం. స్విచ్ ఆపడం మరచిపోని వారి గదులలో అనవసరం.

ఇంతవరకు మీటరు లెక్క. ఈ లెక్క ఒక్కటే చూసి మేము చేసిన పొరపాటును కూడ చెప్పడం ధర్మం. మా ఇంట్లో నడవలో ఒక జీరో బల్బు ఉండేది. పేరుకు జీరో అయినా ఆ పాత బల్బు దాదాపు 15 వాట్లు తీసుకుంటుంది; రాత్రికి 10 గంటల చొప్పున ఏడాదికి 55 యూనిట్లు. 2017లో ఒకనాటి భోజనాల వేళ ఈ సంగతిని ఇంటిల్లిపాదికీ వివరించి, బల్బును తీసివేశాము. దాని స్థానంలో మరేదీ పెట్టలేదు. కొద్ది వారాలకే మా తల్లిగారు తెల్లవారుజామున స్నానాలగదికి వెళుతూ చీకటిలో గడప తట్టుకొని పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స జరిగింది. నడవలో లైటు వేసుకోకపోయారా అని ఆసుపత్రిలో అడిగితే, "ఊరికే కరెంటు కాల్చడం ఎందుకని వేయలేదు నాయనా, నువ్వే కదా చెప్పావు" అన్నారు. మమ్మల్ని తప్పుపట్టి అన్న మాట కాదది. అందువల్లనే మరింత బాధించింది.

అర వాటు ఎల్‌ఇడి రాత్రి దీపం రాత్రికి 10 గంటల చొప్పున ఏడాది పొడవునా వెలిగినా 2 యూనిట్లకు మించదు. ఆ రెండు యూనిట్లు లెక్కలోకి తీసుకోవాలని ఇంజనీరునైన మాకు తోచలేదు. ఇప్పుడు ఆమె మంచం కింద ఒకటి, నడవలో ఒకటి సెన్సార్ దీపాలున్నాయి. కాలు నేలకు ఆనగానే నేల కనిపిస్తుంది. స్విచ్ వెదుక్కోనక్కరలేదు, వేయాలా వద్దా అని ఆలోచించనక్కరలేదు.

అమర్చుకునేవారికి కొన్ని సూచనలు. గోడ మీద పెట్టే సెన్సార్‌ను 2 నుండి 2.5 మీటర్ల ఎత్తులో, మనిషి నడక దానికి అడ్డంగా సాగేటట్లు బిగించాలి. ఫ్యాను, వంటగది కిటికీ, ఎండ పడే గోడ ఎదురుగా పెట్టరాదు. మండు వేసవిలో పరిసరాల వేడి శరీరపు వేడికి దగ్గరయినప్పుడు పి.ఐ.ఆర్. సెన్సార్ చురుకుదనం తగ్గుతుంది. దానికి దోషం అంటగట్టకండి. వెలిగే వ్యవధిని మెట్ల దగ్గర ఒకటి రెండు నిమిషాలకు, వృద్ధులు నడిచే చోట ఐదు నిమిషాలకు సరిచేయండి. స్విచ్ ఆపినా ఎల్‌ఇడి బల్బు మసకగా వెలుగుతూ ఉంటే, స్విచ్ ఫేజ్ తీగకు బదులు న్యూట్రల్ మీద పడి ఉండవచ్చు. అది ప్రమాదకరం. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించుకొని, తరువాతనే సెన్సార్ మాట తలపెట్టండి.

ఈ రాత్రి ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. దీపాలన్నీ ఆపి, ఇంట్లో అందరికంటె పెద్దవారి మంచం దగ్గర నుండి స్నానాలగది వరకు నెమ్మదిగా నడవండి. మీ చేయి గోడ కోసం ఎక్కడ తడుముకుంటుందో, మొదటి సెన్సార్ దీపం అక్కడ పెట్టండి.