తల తెగిన కొండలు

బొగ్గుకొఱకు భూమిని త్రవ్వుట లోకమెఱిగినదే. కొండశిఖరమునే పేల్చివైచి బొగ్గు నెత్తుకొనిపోవు పద్ధతి మాత్రము అమెరికాలోని అపలేషియను పర్వతములయందు 1970 తరువాత ప్రబలినది. పశ్చిమ వర్జీనియా, కెంటకీ రాష్ట్రములు దీనికి ముఖ్యస్థానములు. మొదట అడవిని నఱకుదురు. పిదప వందలాది అడుగుల శిఖరమును మందుగుండుతో పగులఁగొట్టుదురు. బొగ్గును గైకొని, మిగిలిన రాతిని, మట్టిని ప్రక్కలోయలలోనికి ద్రోయుదురు. ఆ లోయలలో బుట్టు సెలయేళ్లు దానిక్రింద సమాధియగును. ఇట్లు పూడిపోయిన వాగులు రమారమి 2,000 మైళ్లని 2010లో ఆ దేశపు పర్యావరణ సంరక్షణశాఖయే యొప్పుకొన్నది.

ఈ పద్ధతిని సమర్థించువారు కూలివాని జీవనోపాధిని ముందు పెట్టుదురు. ఈ వాదము మాకు విపరీతముగఁ దోఁచుచున్నది. భూగర్భమున పెక్కండ్రు చేయు పనిని కొండపైన మహాయంత్రములతో కొలఁదిమంది చేయుచున్నారు. బొగ్గు చౌకయగుట కొంతవఱ కీ కూలితగ్గింపువలననే. పని పోయినవాఁడును, బావినీరు చెడినవాఁడును తఱచుగ నొక్కఁడే.

దీని నెదిరించినవారిలో ముఖ్యులు పట్టణములనుండి వచ్చిన పండితులు కారు. జూడీ బాండ్సు గనికార్మికుని కూఁతురు. చచ్చిన చేపలను చేతఁబట్టుకొని వాగులో నిలిచిన మనుమని జూచి యామె పోరాటమునకు దిగెను, 2003లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమానము నందెను, 2011లో మరణించెను. లారీ గిబ్సను కేఫర్డు కొండపైని తన పూర్వుల భూమిని విక్రయింపననెను. చుట్టునున్న శిఖరములు నేలమట్టమైనను, 2012లో కన్నుమూయువఱకు ఆయన ఆ మాట తప్పలేదు.

శాసనములు వీరికి నిలుకడగ తోడ్పడలేదు. 1977 నాటి చట్టము కొండను మరల పూర్వాకృతికిఁ దేవలయునని చెప్పుచునే, శిఖరములు తీయువారికి మినహాయింపు నొసఁగెను. 1999లో న్యాయాధిపతి హేడెను వాగులను బూడ్చుటకు అడ్డము చెప్పఁగా, 2001లో పైన్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసెను. 2016లో వెలువడిన వాగుల రక్షణ నిబంధన 2017లోనే రద్దయ్యెను. అయినను ప్రజలు పట్టు విడువలేదు. వాగులలో సెలీనియము కలియుచున్నదని సంఘములు వేసిన వ్యాజ్యముల ఫలితముగ, పేట్రియాటు బొగ్గుకంపెనీ 2012లో ఈ పద్ధతిని క్రమముగ మానుకొనుటకు అంగీకరించెను.

గిరాకి తగ్గుటచే నేఁడీ పద్ధతి క్షీణించినది, చిక్కు తీఱలేదు. ఆ కంపెనీయే దివాలా తీసినది. దివాలా తీసినవారు విడిచిన కొండను బాగుచేయు ఖర్చు ఎవరిమీఁదఁ బడవలెను?

ఈ ప్రశ్న మనదికూడ. గోదావరిలోయలో సింగరేణి బొగ్గు నేఁడు చాలవఱకు ఉపరితలగనులనుండియే వచ్చుచున్నది. అచ్చటి రీతి వేఱు కావచ్చును. భూమి యజమానికిని, కూలివానికిని కలుగు సంశయము వేఱు కాదు. గుంటను బూడ్చు ధనము, ఊరిబావికిఁ బూచీ, మొదటి పార పడకమునుపే వ్రాతమూలకముగ స్థిరపడవలయును. త్రవ్వినపిదప అడిగినవారికి అపలేషియాలో దొరకినదేమో పైనఁ జెప్పితిమి.