కరెంటు బండ్లు సరే, చార్జింగు ఎవరి వాకిట్లో?

రోడ్డు మీద నడిచే బండ్లన్నీ క్రమంగా కరెంటు బండ్లు కావాలని ప్రభుత్వాలు పదేళ్లుగా చెబుతున్నాయి. 2015లో కేంద్రం ‘ఫేమ్’ పథకం తెచ్చింది. 2019లో దాని రెండవ దశకు 10,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 2024 అక్టోబరు 1న ‘పి.ఎం. ఈ-డ్రైవ్’ పేరుతో 10,900 కోట్ల పథకం మొదలుపెట్టింది. ఇదంతా ప్రజల సొమ్ము. సబ్బుబిళ్ళ కొన్నా, చెప్పులు కొన్నా పన్ను కట్టే వ్యవసాయ కూలీ సొమ్ము కూడా ఇందులో ఉంది.

“కరెంటు కార్లతో మనకేం పని?” అని మన కార్యకర్తల్లోనే కొందరంటున్నారు. ఆ మాట సరికాదని మేము భావిస్తున్నాము. కరెంటు బండి అంటే కారు ఒక్కటే కాదు. ఆడకూలీలను నాట్లకు, కలుపుకు తీసుకుపోయే ఆటో, కూరగాయల మూటలు సంతకు చేర్చే మూడు చక్రాల బండి, పల్లెకు రావలసిన బస్సు, ఇవన్నీ ఆ లెక్కలోవే.

ముందుగా రకాలు తెలుసుకుందాము. స్కూటరు బ్యాటరీ రెండు నుంచి నాలుగు యూనిట్లలో నిండుతుంది, ఇంట్లో ప్లగ్గు చాలు. ఇ-రిక్షా గంటకు 25 కిలోమీటర్లు మించి పోరాదు, నలుగురినే ఎక్కించుకోవాలి. వీటిలో చాలావాటికి పాతరకం సీసం బ్యాటరీలే. నిండడానికి ఎనిమిది, పది గంటలు పడుతుంది. లిథియం బ్యాటరీ ఆటోకు ఏడెనిమిది యూనిట్లు, మూడు నాలుగు గంటలు చాలు. చాలా కార్ల బ్యాటరీకి 30 యూనిట్లు, ఆపైన కావాలి. బస్సుకు వంద దాటుతుంది. హైబ్రిడ్ అనేవి పెట్రోలుతోనూ, బ్యాటరీతోనూ నడిచే కార్లు. వాటిలో చాలావాటికి బయట చార్జింగుతో పనే లేదు.

ఈ తేడాలు ఎందుకు చెబుతున్నామంటే, కారుకు పెట్టిన ఫాస్టు చార్జరు కూలీల ఆటోకు పనికిరాదు. దాని వోల్టేజి వేరు, ప్లగ్గు వేరు. “పట్టణంలో చార్జింగు కేంద్రం పెట్టాము” అని అధికారులు అంటే, “ఏ బండికి పెట్టారు?” అని అడగాలి.

తిరుపతినే తీసుకుందాము. 2011 జనాభా లెక్కల్లో మూడు లక్షలకు లోపున్న నగరమిది. ఇక్కడ ఆర్.టి.సి. ద్వారా 100 కరెంటు బస్సులు మంజూరై, 2022 సెప్టెంబరులో నడక మొదలుపెట్టాయి. 50 తిరుమల ఘాట్ రోడ్డుకు, తక్కినవి రేణిగుంట విమానాశ్రయానికి, నెల్లూరు, కడప, మదనపల్లె పట్టణాలకు కేటాయించారు. కొండ మీద పొగ తగ్గింది, దిగేటప్పుడు బ్రేకు వేస్తే కొంత కరెంటు తిరిగి బ్యాటరీలో చేరుతుంది. ఇది మంచి పనే, మేము కాదనడం లేదు. కాని బస్సు కంపెనీది, దాని డ్రైవరు కంపెనీ మనిషి, కిలోమీటరుకు ఇంత అని ఆర్.టి.సి. చెల్లిస్తుంది. 2020 జనవరి 1న ఆర్.టి.సి. కార్మికులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. కరెంటు బస్సు స్టీరింగు పట్టినవాడు మాత్రం ఆ లెక్కలోకి రాడు. ఇక ఆ బస్సులు పోయే దారులు చూడండి: కొండ, విమానాశ్రయం, పెద్ద పట్టణాలు. 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత ప్రయాణం తెచ్చారు. మరి బస్సే రాని ఊళ్లో కూలీ మనిషి ఎందులో ఎక్కాలి? ఆటోలోనే గదా!

ఆ ఆటో డీజిలుదైతే కిరాయిలో పెద్ద భాగం ఆయిలుకే పోతుంది. ఆ బరువు పడేది కూలి డబ్బుల మీదనే. కరెంటు ఆటో అయితే ఆ ఖర్చు బాగా తగ్గుతుంది. అయితే “పొద్దంతా తిప్పితే సాయంత్రానికి దిగిపోతాది, ఏడ పెట్టుకునేది?” అన్నదే ఆటో తోలేవాని ప్రశ్న.

ఇంట్లో పెట్టుకోమంటారా? రోజుకు ఎనిమిది యూనిట్ల చొప్పున 25 రోజులకు 200 యూనిట్లు. ఇంటి వాడకానికి ఇవి తోడైతే శ్లాబు మారి యూనిట్ రేటు పెరుగుతుంది. ఎస్.సి., ఎస్.టి. కుటుంబాలకు రాష్ట్రంలో ఉచిత కరెంటు పరిమితి 200 యూనిట్లు. దళితవాడలో ఒక యువకుడు అప్పుచేసి ఆటో కొంటే, ఒక్క ఆటోతోనే ఆ గీత దాటిపోతుంది.

కొన్ని కంపెనీలు బ్యాటరీ మార్చే పద్ధతి తెస్తున్నాయి. బండి మనది, బ్యాటరీ వారిది, వాడుకకు అద్దె. పొలం ఒకరిది, చాకిరి ఒకరిది అయితే ఏమవుతుందో కౌలురైతుకు వేరే చెప్పనక్కరలేదు. అద్దె మీద అదుపు లేకపోతే ఇదీ అంతే.

ఇక ప్రభుత్వ నిబంధనలు. 2018 డిసెంబరులో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. నగరాల్లో మూడు కిలోమీటర్ల గడికి ఒకటి, రహదారుల మీద 25 కిలోమీటర్లకు ఒకటి చొప్పున చార్జింగు కేంద్రం ఉండాలన్నది. కాని మొదటి దశ 40 లక్షలు దాటిన మహానగరాలకు, రెండవ దశ రాష్ట్ర రాజధానుల వంటి పెద్ద నగరాలకు అన్నది. తిరుపతి వంటి ఊళ్లు ఏ వరసలో నిలబడాలి?

2024 సెప్టెంబరు మార్గదర్శకాల్లో ఇంకొక మాట ఉంది. పగలు 9 నుంచి 4 గంటల వరకు, అంటే ఎండ కరెంటు పుష్కలంగా ఉన్న వేళ, చార్జింగు కేంద్రానికిచ్చే కరెంటు ధర సగటు సరఫరా ఖర్చులో 70 శాతం, మిగతా వేళల్లో 130 శాతం. కూలీల ఆటో సంగతి చూడండి. తెల్లవారి జనాన్ని చేను దగ్గర దించుతుంది, సాయంత్రం దాకా చెట్టు నీడన ఖాళీగా ఉంటుంది. కరెంటు చవకైన వేళ, బండి ఖాళీగా ఉన్న వేళ, రెండూ ఒకటే. లేనిదల్లా ఆ ఊళ్లో ఒక ప్లగ్గు! కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర సుమారు 6,000 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారు. రాయలసీమ నేల మీద పుట్టే కరెంటు రాయలసీమ కూలీ బండికి ఎందుకు దొరకదు?

“కరెంటు ఆటోలు తక్కువ, అందుకే పెట్టలేదు” అని అధికారులు అంటారు. పెట్టుకునే చోటు లేక జనం కొనడం లేదు. ముందు నీళ్లు వదలాలి, తర్వాతనే నారు పోస్తారు.

ఇది కోట్లు కావలసిన పని కాదు. ఆటోకు కావలసింది మీటరుతో ఒక 15 ఆంపియర్ల ప్లగ్గు, ఇంత నీడ. పి.ఎం. ఈ-డ్రైవ్‌లో చార్జింగుకు 2,000 కోట్లు పెట్టి, రెండు, మూడు చక్రాల బండ్లకు 48,400 చార్జర్లు లక్ష్యమన్నారు. వాటిలో చిన్న నగరాలకు, మండల కేంద్రాలకు వాటా ఇవ్వాలి. బస్టాండు, రైతుబజారు, మార్కెట్ యార్డు, ప్రభుత్వాసుపత్రి, పంచాయతీ ఆఫీసు దగ్గర మున్సిపాలిటీ, పంచాయతీ, విద్యుత్ సంస్థ కలిసి వీటిని నడపాలి. రేటు బోర్డు మీద రాయాలి. పగటి తగ్గింపు ఆటో తోలేవానికి చేరాలి. ఎస్.సి., ఎస్.టి. ఇళ్లకు ఆటో కోసం వేరే మీటరు ఇచ్చి, 200 యూనిట్ల ఉచిత కరెంటు పోకుండా చూడాలి. ఆర్.టి.సి. సొంత కరెంటు బస్సులు కొని పల్లె దారుల్లో తిప్పాలి.

వ్యవసాయ కార్మిక సంఘాలు, ఆటో కార్మిక సంఘాలు కలిసి ప్రతి మండలంలో ఆటోలు ఆగే చోట్ల జాబితా తయారుచేసి అధికారుల ముందు పెట్టాలని కోరుతున్నాము. కార్ల వాళ్ల కోసం వేసిన ప్లాను పూర్తయ్యాక అడిగితే మన ఊరికి తీగ రాదు. ఇప్పుడే అడగాలి.