సెకండ్ షోకీ సూర్యోదయానికీ సంధి

ఈ వారం హీరోల కబుర్లూ, హీరోయిన్ల కబుర్లూ కాస్సేపు పక్కన పెడదాం. మన సంగతి మనం మాట్లాడుకుందాం.

ఆమదాలవలసలో రైలెక్కి, రోజూ విశాఖపట్నం ఆఫీసుకి వెళ్ళొచ్చే ఒక తమ్ముడు మొన్న నన్ను నిలదీశాడు. "తెల్లారగట్ల లెగమంటారు, కసరత్తు సెయ్యమంటారు, పరీచ్చలకి సదవమంటారు. రేత్రి సెకండ్ షో సూసొచ్చినోడు ఎలా లెగుత్తాడు బావూ? అయినా అంత పొద్దున్నే లెగిసి ఏటి సేత్తాం?"

చూశారా, ఒక ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. రెండోదే అసలుది. "లేచి ఏం చేస్తాం?" అన్నదానికి జవాబు లేనివాడు నాలుగు అలారాలు పెట్టుకున్నా లేవడు. జవాబున్నవాడికి అలారమే అక్కర్లేదు. ఒప్పుకోరా? పెద్ద హీరో బెనిఫిట్ షో అంటే చీకటితోనే హాలు గేటు దగ్గర మనవాళ్ళు నిలబడ్డ సందర్భాలు ఎన్ని లేవు! అరసవల్లిలో మార్చిలోనూ, అక్టోబరులోనూ కొద్ది రోజులు పొద్దుటి కిరణాలు సూర్యనారాయణస్వామి పాదాల మీద పడతాయి. అదీ మబ్బు పట్టకపోతేనే! ఆ కాసేపటి దృశ్యం కోసం జనం తెల్లవారకముందే బారులు తీరతారు. కాబట్టి, లేవలేకపోవడం మన జబ్బు కాదు. లేవడానికి కారణం లేకపోవడమే జబ్బు.

1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టిన ఒక కుర్రవాడు సంగీతం కోసం విజయనగరం వచ్చాడు. చేతిలో కాణీ లేదు. జోలె పట్టి ఇంటింటా మధుకరం చేసి కడుపు నింపుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర పాఠం చెప్పించుకున్నాడు. ఆయనే మన ఘంటసాల! అదే విజయనగరంలో 1935లో పుట్టి, అక్కడి సంగీత కళాశాలలోనే నేర్చుకున్న సుశీలమ్మ పాటలు 17,695 లెక్కతేలి, 2016లో గిన్నిస్ రికార్డుకెక్కాయి. సంగీతం నేర్చేవాళ్ళకి తెల్లవారుజాము సాధన కొత్తగా చెప్పాల్సిన విషయం కాదు. ఆ వేళ ఊరు నిశ్శబ్దంగా ఉంటుంది, ఎవరూ పిలవరు, తన గొంతు తనకి వినపడుతుంది.

ఇప్పుడు మన తమ్ముడి రోజు లెక్కేద్దాం. పగలంతా ఆఫీసుది. రానూపోనూ గంటలు రైలువి. సాయంత్రం ఇంటిది, స్నేహితులది. ఇవన్నీ పోగా అతనిదంటూ మిగిలేది తెల్లవారుజామున ఒక్క గంట. ప్రమోషను పరీక్షకి చదువుకోవాలన్నా, హార్మణీ నేర్చుకోవాలన్నా, కథ రాసుకోవాలన్నా ఆ గంటలోనే. అది పోతే పదేళ్ళ తరవాత చేతిలో సీజన్ టిక్కెట్టు తప్ప ఇంకేమీ ఉండదు. అందుకే ఇంత గొడవ!

ఇహ మొదటి ప్రశ్న. ఎలా లేవడం?

మన ఒంట్లో ఒక గడియారం ఉంది. అది ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గడియారానికి కీ ఇచ్చేది వెలుగు. పొద్దుటి ఎండ దాన్ని ముందుకి జరుపుతుంది. రాత్రి పక్కలో వెలిగే సెల్‌ఫోను వెనక్కి లాగుతుంది. ఈ విషయంలో మన జిల్లాల వాళ్ళు అదృష్టవంతులు. దేశం గడియారానికి ఆధారమైన రేఖ కాకినాడ పక్కనుంచి పోతుంది. శ్రీకాకుళం దానికి తూర్పున ఉంది. అందుకని హైదరాబాదు కంటే మనకి సుమారు 20 నిమిషాలు ముందే తెల్లవారుతుంది. జూన్‌లో అయిదుంబావు దాటగానే సూర్యుడు హాజరు! జనవరిలో మాత్రం ఆరున్నర దాకా రాడు. కాబట్టి ఈ అలవాటు మొదలెట్టడానికి ఎండాకాలమే మంచి ముహూర్తం.

ఒక్కసారిగా ఏడు నుంచి అయిదుకి దూకకండి. మూడు నాలుగు రోజులకోసారి పదిహేను నిమిషాల చొప్పున ముందుకి జరగండి. లేవడమే కాదు, పడుకోవడమూ అంతే జరగాలి. పెద్దవాళ్ళకి కనీసం 7 గంటల నిద్ర కావాలి. అయిదుకి లేవాలంటే పదికి పడుకోవాలి. ఇందులో బేరం లేదు. లేవగానే అయ్యకోనేరు గట్టుకో, నాగావళి ఒడ్డుకో, కనీసం డాబా మీదకో వెళ్ళి ఆకాశం చూడండి. తరవాత ఒక్క పనే పెట్టుకోండి. కసరత్తూ, చదువూ, ధ్యానమూ, ఇంగ్లీషూ అన్నీ ఒకే పొద్దున్న మొదలెట్టినవాడు నాలుగో రోజుకి ముసుగు తన్నేస్తాడు!

మరి సెకండ్ షో? మానెయ్యమంటే మీరు ఈ పేజీ చింపేస్తారు, నాకు తెలుసు. పన్నెండున్నరకి ఆట వదిలితే, ఇల్లు చేరి పడుకునేసరికి ఒంటిగంట. అయిదుకి లేస్తే నాలుగు గంటల నిద్ర. అలాంటివాడు రైల్లో నిలబడే కునుకు తీస్తాడు. ఆఫీసులో ఫైలు మీద తూగుతాడు. అంచేత మన ఒప్పందం ఇదీ: సెకండ్ షో శనివారం రాత్రికే. ఆదివారం ఒక గంట ఆలస్యంగా లేచి, మధ్యాహ్నం చిన్న కునుకు తీయండి. మిగతా రోజుల్లో మనసు ఆగకపోతే ఫస్ట్ షోకి పొండి. బొమ్మ అదే కదా!

ఎన్.టి.రామారావుగారు సినిమాల్లోకి రాకముందు కొద్ది వారాలపాటు సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం చేసినవారే. తెల్లవారుజామున లేచే అలవాటు నటుడిగానూ, 1983లో ముఖ్యమంత్రి అయ్యాకా ఆయన వదల్లేదు. అలాగని ఆయన మూడింటికి లేచేవారట అని మీరూ మూడింటికి లేవనక్కర్లేదు. మీ బండి ఎన్నింటికో, మీ నిద్ర ఎంతో చూసుకోండి. అదే మీ ముహూర్తం.

చివరగా ఒక్క మాట, ముఖ్యంగా తమ్ముళ్ళకి. మీరు అయిదుకి లేవాలని అమ్మో, భార్యో నాలుగున్నరకి లేచి కాఫీ పెడితే ఆ క్రమశిక్షణ మీది కాదు, ఆవిడది. మీ కాఫీ మీరే పెట్టుకోండి. ఆవిడకీ ఓ గ్లాసు ఇవ్వండి. రాత్రే నీళ్ళు పోసి ఉంచిన చద్దన్నమో, చోడంబలో ఉంటే పొద్దున్న పొయ్యి దగ్గర సగం పని తగ్గుతుంది. ఉద్యోగం చేసే చెల్లెమ్మలు ఎలాగూ అందరికంటే ముందే లేస్తున్నారు. కాని ఆ వేళంతా వంటకీ, క్యారేజీలకే పోతోంది. వాళ్ళకి కావలసింది ఇంకా ముందు లేవడం కాదు. లేచిన వేళలో ఒక అరగంట తమదంటూ మిగలడం. ఆ అరగంట ఇంట్లోవాళ్ళే ఇవ్వాలి.

ఇంతకీ ఆ తమ్ముడికి నేను చెప్పింది ఒకటే. ముందు ఆ గంటలో ఏం చేస్తావో ఒక కాయితం మీద రాసుకో. అలారం తరవాత పెట్టుకుందువుగాని!

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. ఈలోగా... దీపం ఆర్పండి, పది కావస్తోంది!