ముసలి వంతెనకు విశ్రాంతి

సత్తెనపల్లిలో రైలెక్కి హైదరాబాదు చూడబోయిన కుటుంబం చార్మినారు చూస్తుంది, సాలార్జంగు మ్యూజియం చూస్తుంది, పిల్లలు పట్టుబడితే జూపార్కూ చూస్తుంది. ఆ జూపార్కుకు పోయే దారిలోనే మూసీ మీద పురానాపూల్ వుంది. దాన్ని పనిగట్టుకుని చూసి వచ్చామనేవారు అరుదు. పేరు విని అదేదో పూల అంగడి కాబోలు అనుకునేవారూ లేకపోలేదు! ఉర్దూలో పుల్ అంటే వంతెన. ఇది పాత వంతెన అన్నమాట.

పాత అంటే ఏపాటి పాత? గోల్కొండనేలిన ఇబ్రహీం కుతుబ్‌షా దీన్ని 1578లో కట్టించాడు. చార్మినారు 1591 నాటిది. అంటే చార్మినారుకన్న ఈ వంతెన పదమూడేళ్ళు పెద్దది. రాజకుమారుడు మహమ్మదు కులీ భాగమతి కోసం వరదలోకి గుర్రాన్ని దూకించాడనీ, ఆ బెంగతో తండ్రి వంతెన కట్టించాడనీ ఒక కథ. కథ కమ్మగానే వుంది గాని, 1565లో పుట్టిన ఆ కుర్రవాడికి అప్పటికి పదమూడేళ్ళు! గోల్కొండ మనుషులూ సరుకులూ ఏరు దాటాలి గదా, అసలు అవసరం అదే అయివుండాలి.

ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే పదిహేడో శతాబ్దంలో దీన్ని చూసి, అందంలో పారిస్‌లోని పోన్ నఫ్ వంతెనకు పెద్దగా తీసిపోదన్నాడు. చిత్రమేమంటే ఆ పారిస్ వంతెనకు పునాదిరాయి పడ్డదీ 1578లోనే. దాని పేరుకు అర్థం 'కొత్త వంతెన'!

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలమంది ప్రాణాలు పోయాయి. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. నగరం రెండు వొడ్లనూ కలుపుతూ నిలిచింది ఈ ముసలి వంతెన ఒక్కటే.

వరదకు లొంగనిది లారీకి లొంగుతుందా అంటారేమో. కమానులో రాళ్ళు ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడతాయి. నిలకడైన బరువుకు అవి బెదరవు. పగలనక రేయనక బరువు బండ్లు అదరగొడుతూ పోతే మాత్రం రాళ్ళ నడుమ సున్నం వదులవుతుంది, నీరు లోపలికి దిగుతుంది. పక్కన కొత్త వంతెన వేసి బండ్లను అటు మళ్ళించడంతో ముసలిదానికి ఆ అదురు తప్పింది. మన పల్నాటివారికి ఇది తెలియని ఏర్పాటు కాదు. నాగార్జునసాగరం దగ్గర మాచర్లనుంచి హాలియా పోయే బండ్లు ఆనకట్ట మీద గాక, దిగువనున్న వంతెన మీదుగానే గదా పోతాయి!

అయితే అంతటితో రక్షణ పూర్తయిందా? కొడుకు చేతికి అందివస్తే తండ్రి నెత్తిమీది బరువు దిగుతుంది. కాని ఆయన్ను వసారాలో కూర్చోబెట్టి, తిన్నావా అని అడిగేవారు లేకపోతే దాన్ని విశ్రాంతి అనరు.

బండ్లు పోయిన పాత వంతెన మీద కూరగాయల అంగళ్ళు వెలిశాయి. చారిత్రక కట్టడం మీద వంకాయల బేరమేమిటని విసుక్కునేవారున్నారు. నాకు అలా తోచదు. తోటకూర గంప లారీ కాదు. నలుగురు నడిచే వంతెనకు ఏదైనా ముప్పు వస్తే చూసి చెప్పే కళ్ళుంటాయి. వాళ్ళను తరిమితే పది కుటుంబాల పొయ్యి ఆరుతుంది, వంతెనా పాడుబడుతుంది. అసలు భయం కుళ్ళిన కూర కుప్పలవల్ల, పూడిన తూములవల్ల, రాళ్ళ సందుల్లో మొలిచే రావిమొక్కలవల్ల. వరద చేయలేని పని రావివేరు చేస్తుంది.

అందుచేత ఎక్కడ పాతదాని పక్కన కొత్త వంతెన వేసినా, ఆ అంచనాలోనే పాతదాని యేటేటి పోషణకూ కొంత రాయాలి. వానలకు ముందు మొక్కలు పీకించాలి; సందులు సిమెంటుతో గాక సున్నంతో పూడ్పించాలి; అంగళ్ళవారికి చెత్తవేసే చోటు చూపాలి. ఇవేమీ కోట్ల ఖర్చులు కావు.

ఈసారి పిల్లలను జూపార్కుకు తీసుకుపోతూ అక్కడ ఒక పావుగంట దిగండి. కమానులు లెక్కపెట్టమనండి. వచ్చేటప్పుడు సాయంత్రానికి కూరా కొనుక్కోవచ్చు.