లెక్కలో ఉన్నోళ్ళు, ఓట్లో లేనోళ్ళు

"ఇంకో పదేళ్ళు ఆగండి, టెక్సాస్ మొత్తం నీలం రంగులోకి మారిపోతుంది. మార్చేది కూడా మనోళ్ళే."

ఫ్రిస్కోలో ఓ పుట్టినరోజు ఫంక్షన్ లో బిర్యానీ ప్లేటు చేతిలో పెట్టుకుని ఒకాయన అన్న మాట ఇది. ఆయన లెక్క చాలా సింపుల్. వలస వచ్చినోళ్ళు డెమోక్రాట్లకి వేస్తారు, వలస వచ్చేవాళ్ళు పెరుగుతున్నారు, కాబట్టి టెక్సాస్ డెమోక్రాట్ల చేతికి వస్తుంది. కూడిక తీసివేతలు వచ్చిన ఎవరికైనా నిజమే అనిపిస్తుంది.

నేను చుట్టూ చూసాను. ఆ మూల నిలబడి మాట్లాడుతున్న వాళ్ళం ఎనిమిది మందిమి. అందులో ఓటు హక్కు ఉన్నది ఒకే ఒక్కరికి. ఆయన క్రిందటి సారి ఓటు వెయ్యలేదంట, ఆ రోజు ప్రొడక్షన్ రిలీజ్ ఉండిందని :)

నవ్వుకున్నాం కానీ, ఇంటికి వచ్చాక ఆ మాట బుర్రలో తిరుగుతూనే వుంది. జనాభా మారితే రాజకీయం మారుతుందా? మారుతుంది. కానీ మనం అనుకున్నంత తిన్నగా మారదు, ఒక్కోసారి మనం అనుకున్న వైపుకి కూడా మారదు. జనాభాకీ ఓటుకీ మధ్యలో చాలా గేట్లు ఉన్నాయి. నేను ఆ గేట్లకి ఇవతల ఉన్నాను, మా ఊరోళ్ళు అవతల ఉన్నారు. అదెలాగో చెప్తా.

ముందు అమెరికా సంగతి. ఈ 'జనాభాయే జాతకం' అన్న వాదానికి బాగా పేరు తెచ్చిన పుస్తకం జాన్ జుడిస్, రూయ్ టెషేరా 2002 లో రాసిన 'ది ఎమర్జింగ్ డెమోక్రాటిక్ మెజారిటీ'. 2008 లో ఒబామా గెలవగానే అందరూ ఆ పుస్తకాన్ని జోస్యం లాగా చూసారు. ముఖ్యంగా వర్జీనియా చూసి. 1964 తర్వాత ఆ రాష్ట్రం డెమోక్రాట్ అధ్యక్ష అభ్యర్థిని గెలిపించడం అదే మొదటిసారి. వాషింగ్టన్ కి ఆనుకుని ఉన్న ఫెయిర్ ఫాక్స్, లౌడన్ కౌంటీల్లోకి ఐటీ ఉద్యోగాల కోసం వచ్చి చేరిన జనం అందులో ఒక పెద్ద కారణం. అందులో మనవాళ్ళూ బాగానే ఉన్నారు. హైదరాబాద్ లో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చిన గజాలా హష్మీ 2019 లో రిచ్మండ్ శివార్లలో అప్పటికే పదవిలో ఉన్న సెనేటర్ ని ఓడించారు. 2025 నవంబర్ లో ఏకంగా లెఫ్టినెంట్ గవర్నర్ గా గెలిచారు. ఇది చూస్తే ఫంక్షన్ లో మాట్లాడిన ఆయనే కరెక్ట్ అనిపిస్తుంది.

ఐతే అదే కొలమానంతో టెక్సాస్ ని కొలవండి. 2010 నుంచి 2020 మధ్య టెక్సాస్ లో దాదాపు 40 లక్షల మంది పెరిగారు, అందులో 95 శాతం తెల్లవాళ్ళు కానివాళ్ళే. మరి రాజకీయం? 1976 లో జిమ్మీ కార్టర్ తర్వాత ఇక్కడ ఏ డెమోక్రాట్ అధ్యక్ష అభ్యర్థీ గెలవలేదు. 2016 లో ట్రంప్ 9 శాతం తేడాతో గెలిచాడు, 2020 లో ఆ తేడా 5-6 కి దిగింది. "చూసారా, వచ్చేస్తోంది" అన్నారు. 2024 లో అది 13 దాటింది. మెక్సికో సరిహద్దులో స్టార్ కౌంటీ అని ఒకటుంది, జనంలో దాదాపు అందరూ హిస్పానిక్ లే. 'జనాభాయే జాతకం' నిజమైతే ఆ కౌంటీ చివరిదాకా డెమోక్రాట్ల కంచుకోట గా ఉండాలి. 2016 లో హిల్లరీ క్లింటన్ అక్కడ 60 శాతం తేడాతో గెలిచింది. 2024 లో ట్రంప్ గెలిచాడు. 1892 తర్వాత అక్కడ రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గెలవడం అదే మొదలు.

ఎనిమిదేళ్ళలో అక్కడ మనుషులు మారలేదు. ఆ మనుషుల మనసు మారింది.

కాలిఫోర్నియా కథ ఇంకో రకం. 1968 నుంచి 1988 దాకా ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ రిపబ్లికన్లకి వేసిన రాష్ట్రం అది. 1992 నుంచి ఒక్కసారి కూడా వెయ్యలేదు. దానికి కారణాలు చాలా ఉన్నాయి, కానీ 1994 ని మర్చిపోకూడదు. పత్రాలు లేని వలసదారులకి చదువు, వైద్యం ఆపాలని ఆ ఏడాది ప్రతిపాదన 187 పెట్టి ఓటర్ల చేత నెగ్గించారు. తర్వాత కోర్టులు దాన్ని ఆపేసాయనుకోండి. కానీ భయం మాత్రం మిగిలిపోయింది. అప్పటిదాకా గ్రీన్ కార్డుతో సరిపెట్టుకున్న లక్షల మంది పౌరసత్వానికి అప్లై చేసి, ఓటర్లుగా నమోదు చేసుకున్నారు. జనాభా అప్పటికే ఉంది. దాన్ని ఓటుగా మార్చింది ఆ భయం.

మన భాషలో చెప్పాలంటే జనాభా అంటే రిజిస్టర్డ్ యూజర్లు. ఎన్నిక నడిచేది యాక్టివ్ యూజర్లతో. మొదటి సంఖ్య చూపించి రెండోదాని గురించి ప్రజంటేషన్ ఇచ్చే మేనేజర్లని మనం చాలామందిని చూసాం కదా :)

ఇప్పుడు నా సంగతి. 2020 జనగణన ఫారం నేను బుద్ధిగా నింపాను. అమెరికా రాజ్యాంగం 14వ సవరణ ప్రకారం సీట్ల పంపకానికి రాష్ట్రంలో ఉన్న మనుషులందరినీ లెక్కపెడతారు, పౌరుడా కాదా అని చూడరు. హెచ్-1బి మీద ఉన్న నేనూ, నా భార్యా ఆ లెక్కలో ఉన్నాం. ఆ లెక్కతోనే టెక్సాస్ కి 2 సీట్లు పెరిగి 38 అయ్యాయి, కాలిఫోర్నియా తన చరిత్రలో మొదటిసారి ఒక సీటు పోగొట్టుకుంది. న్యూయార్క్ ఐతే ఇంకో 89 మంది లెక్కలోకి వచ్చి ఉంటే ఉన్న సీటు పోయేది కాదు. 89 మంది! మనోళ్ళ ఒక అపార్ట్ మెంట్ కాంప్లెక్స్ చాలు.

అంటే నా వల్ల టెక్సాస్ బలం పెరిగింది. ఆ బలం ఎవరికి వాడాలో చెప్పే హక్కు మాత్రం నాకు లేదు, నా పక్కింటాయనకి ఉంది. తప్పని నేను అనను, పౌరుడికే ఓటు అన్నది మన దేశంలోనూ ఉన్న నియమమే. కానీ ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న 1990 నాటి చట్టం వల్ల మన క్యూ ఏళ్ళ తరబడి కదలదు. గ్రీన్ కార్డు వచ్చాక పౌరసత్వానికి మామూలుగా ఇంకో ఐదేళ్ళు. పాతికేళ్ళ వయసులో దిగినవాడు మొదటి ఓటు వేసేసరికి జుట్టు నెరుస్తుంది. మా ఇంట్లో మొదటి ఓటు బహుశా ఇక్కడే పుట్టిన మా అమ్మాయిది అవుతుంది.

సరే, ఓటు వచ్చింది అనుకుందాం. మనోళ్ళంతా ఒకే వైపు వేస్తారా? హైదరాబాద్ లో పుట్టిన అరుణా మిల్లర్ డెమోక్రాట్, 2023 లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. ఆంధ్ర మూలాలున్న చిలుకూరి ఉష గారి భర్త రిపబ్లికన్, 2025 లో ఉపాధ్యక్షుడయ్యాడు. అంతెందుకు, ఒక్క తెలుగు భాష కోసం తానా, ఆటా, నాట్స్, నాటా అని ఇన్ని సంఘాలు పెట్టుకున్న జాతి మనది. మనల్ని 'ఓటు బ్యాంకు' అనుకునే వాళ్ళ ఓపికకి దండం పెట్టాలి.

ఇల్లు కొన్నాక ప్రాపర్టీ టాక్స్ గురించి, పిల్లల స్కూలు గురించి మనిషి ఆలోచన మారుతుంది. ఇమ్మిగ్రేషన్ మీద ఎవరైనా నోరు జారితే ఇంకో వైపు మారుతుంది. మా కాలిన్ కౌంటీనే చూడండి. 2016 లో ట్రంప్ కి దాదాపు 17 శాతం ఆధిక్యం, 2020 లో 4-5 శాతం, 2024 లో మళ్ళీ 10 కి అటూ ఇటూ. ఆ ఎనిమిదేళ్ళూ ఇక్కడ ఆసియా వాళ్ళు పెరుగుతూనే ఉన్నారు.

ఇక మా ఊరు. మాది పెగడపల్లి. ఇప్పటి జగిత్యాల జిల్లా, అప్పటి కరీంనగర్. నియోజకవర్గం ధర్మపురి, 2009 లో మొదటిసారి ఎన్నిక జరిగిన ఎస్సీ రిజర్వుడు స్థానం. మా వైపు ఇంటికొకరు అమెరికా పోరు, ఇంటికొకరు గల్ఫ్ పోతారు. దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్ పేర్లు మాకు పక్క మండలాల పేర్లంత దగ్గర. 2011 జనగణనలో కరీంనగర్ జిల్లాలో ప్రతి వెయ్యి మంది మగవాళ్ళకి 1008 మంది ఆడవాళ్ళు, పక్కన నిజామాబాద్ లో 1040 మంది. గల్ఫ్ ఒక్కటే కారణం కాకపోవచ్చు, కానీ ఆ అంకెలో దుబాయి పోయినోళ్ళ ఖాళీ జాగా కనపడుతుంది నాకు.

2018 డిసెంబర్ 11 న ఓట్ల లెక్కింపు. ధర్మపురిలో కొప్పుల ఈశ్వర్ అడ్లూరి లక్ష్మణ్ కుమార్ మీద 441 ఓట్లతో గెలిచారు. నియోజకవర్గం మొత్తం మీద 441! దుబాయిలో ఉన్న మా పెద్దనాన్న కొడుకు ఆ రాత్రి ఫోన్ చేసాడు. అన్న ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. అన్న మాట మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

"తమ్మీ, మా క్యాంపుల, పక్క క్యాంపుల మన దిక్కోళ్ళనే లెక్కవెడితే గా 441 దాటుతరు. గెలిచెటోన్ని ఓడగొడ్దుము, ఓడినోన్ని గెలిపిద్దుము. ఏం జేత్తం, ఓటేద్దమంటె టికెట్టుకే రెండు నెలల జీతం వాయె."

అన్నకి ఓటు హక్కు ఉంది. 2010 లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, వేరే దేశం పౌరసత్వం తీసుకోని ప్రవాసులకి సొంత ఊరి జాబితాలో పేరు ఉండే హక్కు ఇచ్చారు. ఫారం 6ఎ నింపాలి. కానీ ఓటు వెయ్యాలంటే పాస్ పోర్టు పట్టుకుని స్వయంగా ఊరి పోలింగ్ బూత్ కి రావాలి. ప్రాక్సీ ద్వారా వేసే బిల్లు 2018 ఆగస్టులో లోక్ సభలో పాస్ అయ్యింది, రాజ్యసభ దాటక ముందే 2019 లో ఆ సభ రద్దవడంతో మురిగిపోయింది. 2020 లో ఎన్నికల సంఘం ఇంకో ఉపాయం చెప్పింది. సైనికులకి వాడుతున్న పద్ధతిలోనే బ్యాలెట్ ని ఎలక్ట్రానిక్ గా పంపి, పోస్టులో వెనక్కి తెప్పించుకోవచ్చని. టెక్నాలజీ ఉంది, వాడుతున్నారు కూడా. మా అన్న వరకు ఆ బ్యాలెట్ రాలేదు.

ఇంకో విషయం. మన జనగణనలో లెక్కించే రోజుల్లో దేశంలోనే లేనివాళ్ళని ఇంటి లెక్కలో రాయరు. అంటే అన్న జనాభాలో లేడు. 2025 జూన్ లో ప్రకటించిన కొత్త జనగణనకి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఉత్తరాదికి సీట్లు పెరుగుతాయి, దక్షిణాదికి తగ్గుతాయి అని డీలిమిటేషన్ గురించి పెద్ద పెద్ద వాళ్ళంతా గొడవ పడుతున్నారు, అది న్యాయమైన గొడవే. 1971 లెక్కల దగ్గర 1976 లో ఆపేసిన సీట్ల పంపకం ఎప్పుడో ఒకరోజు కదలాల్సిందే. కానీ ఏ జనగణన తీసుకున్నా మా జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల వైపు నుంచి పోయిన గల్ఫ్ వాళ్ళు అందులో ఉండరు. పంపే డబ్బు లెక్కలోకి వస్తుంది, పంపిన మనిషి రాడు.

మరి గల్ఫ్ వాళ్ళకి రాజకీయంలో అసలు విలువ లేదా అంటే, ఉంది. ఇంట్లో ఉన్నవాళ్ళ ద్వారా. ఊళ్ళో ఓటేసేది వాళ్ళ తల్లులు, భార్యలు. 2023 ఎన్నికల్లో గల్ఫ్ కార్మికుల మాట మా వైపు గట్టిగానే వినపడింది. అదే లక్ష్మణ్ కుమార్ ఈసారి 22 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు, దానికి చాలా కారణాలు ఉన్నాయి. కానీ 2024 లో గల్ఫ్ లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిందంటే, ఆ ఇళ్ళల్లోని ఓట్ల బలం కొంత ఉందనే నా నమ్మకం. చనిపోతే 5 లక్షలు వచ్చాయి, బ్రతికుండగా ఓటు మాత్రం ఇంకా రావాలి.

కాబట్టి ఫ్రిస్కో పెద్దమనిషికి నా జవాబు ఇది. జనాభా మారడం మొదటి మెట్టు. లెక్కలో పడటం రెండోది. పౌరసత్వం, ఓటరు నమోదు తర్వాతవి. ఆ రోజు పని మానుకుని బూత్ కి పోవడం ఇంకోటి. ఇవన్నీ అయ్యాక ఎవరికి వెయ్యాలన్నది ఆ మనిషి సొంత బుర్ర. ఆ చివరి మెట్టు దగ్గర మనల్ని మన పుట్టుక చూసి లెక్కగట్టే హక్కు ఏ పార్టీకీ లేదు. ముందు మెట్ల దగ్గర మాత్రం మనం చెయ్యగలిగింది చాలా ఉంది. పౌరసత్వం వచ్చి కూడా నమోదు చేసుకోని వాళ్ళు మన పార్టీల్లో, మన గుళ్ళల్లో ప్రతి వారం కనపడతారు. 2020 లో జార్జియా తేలింది 11,779 ఓట్ల మీద. "నా ఒక్క ఓటుతో ఏమవుతుంది" అనేవాళ్ళకి ఈ అంకె ఒకటి, ధర్మపురి 441 ఒకటి చెప్పండి.

ఇంకోటి కూడా అడుగుతున్నా. అమెరికాలో ఓటు లేదని హెచ్-1బి వాళ్ళం గ్రూపుల్లో తెగ బాధ పడతాం. ఇండియాలో మనకి ఉన్న ఓటుని, దాంతో పాటు గల్ఫ్ లో ఉన్న లక్షల మంది ఓటుని పోస్టులో వేసే ఏర్పాటు చెయ్యమని గట్టిగా అడిగింది మనలో ఎంతమంది? మనకి విమానం టికెట్ పెద్ద లెక్క కాదు. వాళ్ళకి రెండు నెలల జీతం.

నిన్న అన్నతో మళ్ళీ మాట్లాడాను. ఇదంతా చెప్తే నవ్వాడు. "మంచిగున్నది తమ్మీ మన కత. నువ్వు ఆడ లెక్కల ఉన్నవ్, ఓట్ల లేవు. నేను ఈడ ఓట్ల ఉన్న, లెక్కల లేను. ఇద్దరం కలిస్తె ఒక్క మనిషి లెక్క అయితం."