నీడను తిట్టుకోకండి, నీడకు తగ్గ మొక్కను పెట్టండి



మనం ఎప్పుడూ జీవామృతం, కషాయాలు, దేశీ విత్తనాల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి ఫెర్న్ మొక్కల గురించి చెప్తా. పువ్వు పూయదు, కాయ కాయదు, దాంతో మనకేం పని అంటారేమో. మనం వరి మడిలో వేసే, ఆవులకు మేపే అజొల్లా కూడా నీటిలో పెరిగే ఫెర్నే. అంటే ఈ జాతి మనకు కొత్తదేం కాదు.

అసలు సంగతికొస్తా. మా చెల్లెలు అబిడ్స్‌లో ఒక పాత బిల్డింగు రెండో అంతస్తులో ఉంటది. ఎదురుగా పెద్ద కాంప్లెక్సు లేచింది. బాల్కనీలో గంటసేపు కూడా ఎండ పడదు. అక్కడే రెండేళ్ళు టమాటా, వంగ, మిర్చి పెట్టింది. మొక్కలు సన్నగా సాగిపోయినయి, పూత రాలింది. "అన్నయ్యా, నీ జీవామృతం పనిచేయట్లేదు" అని ఫోను. జీవామృతం ఏం చేస్తది? అది నేలకు బలమిస్తది గాని ఎండను తెచ్చివ్వదు కదా!

తర్వాత జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ చూసి వస్తూ, దారిలో ఒక నర్సరీలో గుబురుగా ఉన్న బోస్టన్ ఫెర్న్ కొన్నది. మార్చి దాకా ముచ్చటగా ఉంది. ఏప్రిల్ ఆఖరుకు ఎండుగడ్డి అయింది.

ఇక్కడే నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఎగ్జిబిషన్ నడిచే జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా హైదరాబాద్ చల్లగా ఉంటది. అప్పుడు ఏ మొక్కైనా బాగానే కనిపిస్తది. పైగా చాలా నర్సరీ ఫెర్న్‌లు షేడ్ నెట్ కింద, తుంపర నీళ్ళ మధ్య పెరిగినవి. మన మే నెల 40 డిగ్రీలు దాటుతది, గాలి పొడిగా వీస్తది. ఫెర్న్‌ను జనవరి కళ్ళతో కాదు, మే నెల కళ్ళతో చూసి కొనాలి.

మరి ఏది ఎంచుకోవాలి? నర్సరీకి పోయే ముందు పాత గోడల్ని చూడండి. పాత సున్నపు గోడల పగుళ్ళలో, వాన నీళ్ళ పైపు పక్కన, ఎవరూ నాటకుండానే పొడవాటి ఆకులతో ఒక ఫెర్న్ మొలుస్తది. దాని పేరు టెరిస్ విట్టాటా. సున్నాన్ని, ఎండను, మన నిర్లక్ష్యాన్ని తట్టుకుంటది. మన బోరు నీళ్ళు కూడా సున్నంతో ఉప్పగానే ఉంటయి కాబట్టి దీనికి ఇబ్బంది లేదు.

రెండోది నెఫ్రోలెపిస్ కార్డిఫోలియా. చూడ్డానికి బోస్టన్ ఫెర్న్‌కు అక్కలా ఉంటది. దీని వేళ్ళ దగ్గర గోళీలంత దుంపలుంటయి, వాటిలో నీళ్ళు దాచుకుంటది. ఒకరోజు మీరు ఊరెళ్ళినా చావదు. కొనేటప్పుడు కుండీ వంచి దుంపలు చూపించమని అడగండి. కాకపోతే ఇది తొందరగా పాకుతది, కుండీలోనే ఉంచండి.

మూడోది అడియాంటం, నల్లటి సన్నని కాడలతో పాత బావుల గోడలమీద చెమ్మలో కనిపించేది. సున్నం దీనికి ఇష్టమే గాని పొడిగాలి పడదు. గాలి తగలని, ఎప్పుడూ చెమ్మ ఉండే మూల ఉంటేనే పెట్టండి. మొదటిసారి పెంచేవాళ్ళు దీని జోలికి పోవద్దంటా.

నీడ అంటే చీకటి కాదు. మధ్యాహ్నం లైటు వేయకుండా, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న పాత పుస్తకం చదవగలిగితే ఆ చోట ఫెర్న్ బతుకుతది. చదవలేకపోతే ఏ మొక్కా వద్దు.

కుండీలో సగం ఆకుమట్టి, మిగతా సగంలో మామూలు మట్టి, ఇటుక ముక్కలు, కొద్దిగా వర్మీ కంపోస్టు చాలు. పైన ఎండుటాకులు కప్పండి. పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్ళినప్పుడు పెద్ద చెట్ల కింద, ఊడ్వని చోట రాలిన ఆకు జరిపి చూడండి, నేల చల్లగా ఉంటది. మనం చేయాల్సిందీ అదే. జీవామృతం కూరగాయలకు ఒకటికి పది పాళ్ళ నీళ్ళు కలిపితే, దీనికి ఇరవై పాళ్ళు కలిపి మొదట్లో పోయండి, ఆకుల మీద కొట్టొద్దు. ఏసీ నుంచి కారే నీళ్ళలో ఉప్పులు దాదాపు ఉండవు. పారబోసే బదులు వీటికి పోయండి.

రెండు జాగ్రత్తలు. ఆకుల అడుగున వరసగా గోధుమరంగు చుక్కలో, అంచు వెంట గీతలో కనిపిస్తే పురుగు అనుకుని వేపనూనె, అగ్నాస్త్రం కొట్టకండి. అవి ఫెర్న్ సిద్ధబీజాలు. లేత ఆకులకు ఘాటైన ద్రావణం తగిలితే మాడిపోతయి.

రెండోది ముఖ్యమైంది. 2001లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఒక సంగతి బయటపెట్టారు. మనం చెప్పుకున్న టెరిస్ విట్టాటా నేలలోని ఆర్సెనిక్ విషాన్ని పీల్చి ఆకుల్లో పోగేసుకుంటది. విషపు నేలను శుభ్రం చేయడానికి మంచిదే. కానీ మనం ఆకు కనిపిస్తే చాలు కంపోస్టులో వేస్తాం, పశువుకు వేస్తాం. పాత వర్క్‌షాపుల పక్కన, నగరం మురుగు పారే చోట పెరిగిన ఈ ఆకును కూరగాయల కంపోస్టులో వేయకండి. మేకలకు పెట్టకండి. ప్రకృతిలో దొరికిందల్లా మేలే చేస్తదనుకోవడం కూడా ఒక మూఢనమ్మకమే.

"తినని మొక్కకు ఇంత శ్రమ దేనికి?" అని ఒక రైతు నన్నడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఎండ ఉన్న చోట నేనూ కూరగాయలే పెట్టమంటా. కానీ ఎండ లేని చోట పట్టుబట్టి టమాటా పెట్టి, అది చస్తే సేంద్రియం పనికిరాదని అనుకుంటే నష్టం మనందరికీ. నేలను బట్టి పంట అనేది పొలానికే కాదు, బాల్కనీకి కూడా.

చెల్లెలు ఇప్పుడు దుంపలున్న ఫెర్న్ పెట్టింది. మొన్నటి మే దాటింది. కొన్ని ఆకుల కొసలు మాడినయి, తొలకరికి కొత్త చిగుళ్ళు చుట్టలు చుట్టలుగా విచ్చుకున్నయి. వీడియోలో ఆ కుండీనే చూపించాం. మీ బాల్కనీలో, మీ బోరు తొట్టి పక్కన నీడ ఉంటే ముందు దాన్ని వారం రోజులు గమనించండి. మొక్క సంగతి తర్వాత చూసుకోవచ్చు.