ఇల్లు కట్టే ముందు వానాకాలంలో ఊరు చూడండి

గల్ఫ్‌లో ఎన్నేళ్లు చేసినా మనం చివరికి తిరిగి వెళ్లాల్సిందే. ఇక్కడ మనకు పౌరసత్వం రాదు. ఉద్యోగం ఉన్నంతవరకే వీసా. దుబాయ్‌లో 55 ఏళ్లు దాటినవాళ్లకు రిటైర్మెంట్ వీసా అని ఒకటి ఉన్నమాట నిజమే. కానీ అది పది లక్షల దిర్హాముల పొదుపో, ఆస్తో, నెలనెలా పెద్ద ఆదాయమో చూపించగలిగే వాళ్లకు. క్యాంపు గదిలో ఆరుగురితో కలిసి పడుకునే మనకు కాదు. అందుకని మన విశ్రాంత జీవితం మన గడ్డ మీదే. ఆ గడ్డ మీద ఎక్కడ అన్నదే తేల్చుకోవాలి.

చాలామంది ఈ సంగతి ఆలోచించకుండానే తేల్చేస్తున్నారు. పుట్టిన ఊళ్లో పెద్ద ఇల్లు మొదలుపెడతారు, లేదంటే ఫోన్లో వచ్చిన రంగుల బొమ్మ చూసి ఏదో వెంచర్‌లో ప్లాటు కొంటారు. నేను సివిల్ డిప్లొమా చేసి పన్నెండేళ్లుగా ఇక్కడ నిర్మాణ పనుల్లో ఉన్నాను. పిల్లర్లు ఎన్ని వేయాలి, స్లాబు ఎంత మందం ఉండాలి అని నన్ను అడిగే అన్నలు, తమ్ముళ్లు ఎందరో. ఆ జాగాలో వాన నీళ్లు ఎటు పోతాయి, తాగే నీళ్లు ఎట్లా ఉంటాయి, ఆస్పత్రి ఎంత దూరం అని అడిగినవాళ్లు మాత్రం చాలా తక్కువ. నా మటుకు నాకు ఇల్లు రెండో సంగతి, చోటు మొదటి సంగతి. ఆ చోటును కూడా దాని చెడ్డరోజుల్లో చూసే నిర్ణయించుకోవాలి.

మనం సెలవు ఎప్పుడు పెడతాం? సంక్రాంతికి, దసరాకు, లేదంటే ఎండాకాలం పెళ్లిళ్లకు. అప్పుడు ఊరంతా సందడి. చుట్టాలు వస్తారు, వీధులు ఊడ్చి ఉంటాయి, మనం నలభై రోజులు తిరిగి విమానం ఎక్కేస్తాం. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం మనం చూసి ఎన్నేళ్లయింది? ఊరిని అప్పుడు చూస్తేగానీ అసలు సంగతి తెలియదు.

కోతులు, చెదలు, దోమలు

రిటైరయ్యాక పెరట్లో నాలుగు కూరగాయ మొక్కలు, ఒక జామచెట్టు పెట్టుకుందామన్నది మనలో అందరి కల. ఇవాళ తెలంగాణలో చాలా ఊళ్లలో ఆ కలకు కోతులు అడ్డం. మక్క, పల్లి, కూరగాయలు వేయడమే మానుకున్న రైతులున్నారు. పెంకులు పీకుతాయి, వంటింట్లో దూరతాయి, ఒంటరిగా ఉన్న ముసలివాళ్ల మీదికి వస్తాయి. ఇది ఎంత ముదిరిందంటే, కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయడానికి 2020లో నిర్మల్ జిల్లాలో ప్రభుత్వం ఒక కేంద్రమే తెరిచింది. కిటికీలకు, వరండాకు జాలీ కొట్టిస్తే ఇల్లు కాపాడుకోవచ్చు. కానీ దాని ఖర్చు ముందే లెక్కలో రాసుకోవాలి.

రెండోది చెదలు. గల్ఫ్ డబ్బుతో కట్టి తాళం వేసిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు? చెదలకు కావాల్సింది చీకటి, తేమ, మనుషుల అలికిడి లేకపోవడం. మూసిన ఇంట్లో ఈ మూడూ ఉంటాయి. గోడ మీద పెన్సిల్ గీతలాగా సన్నటి మట్టి గొట్టం కనిపించిందంటే అవి వచ్చేసినట్టే. దర్వాజా పైకి రంగుతో నిగనిగలాడుతూనే ఉంటుంది, వేలితో నొక్కితే వేలు లోపలికి పోతుంది. చెదల మందు పునాది దశలోనే పడాలి. మన ప్రమాణం ఐఎస్ 6313 ప్రకారం పునాది గుంత అడుగున, పక్కలకు చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున మందు కలిపిన నీళ్లు పోయాలి. మేస్త్రీ డబ్బాలో కలిపి పైపైన చిలకరిస్తే లాభం లేదు. దగ్గర్లో బావి ఉంటే నీళ్లలోకి మందు దిగకుండా తెలిసినవాళ్లతోనే చేయించాలి. కర్ర కొనేటప్పుడు టేకైనా సరే చేవ ఉన్నదే తీసుకోవాలి. ఇవన్నీ చేసినా, మనుషులు లేని ఇంటికి భరోసా లేదు. పదేళ్ల తర్వాత ఉండబోయే ఇంటిని ఇవాళే కట్టి తాళం వేయడం దండగ అని నేననేది అందుకే.

ఇక వెంచర్ల సంగతి. నూరు ప్లాట్లలో పది ఇళ్లు లేస్తాయి, మిగతాదంతా పిచ్చిచెట్లు, గుంతలు, నిలిచిన నీళ్లు. డెంగీ తెచ్చే దోమ మురికి కాలవలో పుట్టదు. తొట్లలో, పాత టైర్లలో, సంపులో నిలిచిన మంచి నీళ్లలో పుడుతుంది, పగటిపూటే కుడుతుంది. పిచ్చిచెట్లు ఉంటే ఎలుకలు, ఎలుకలు ఉంటే పాములు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ మన ప్రాంతంలో తిరిగేవే. పాము కరిస్తే విరుగుడు సూది ఉండే ఆస్పత్రికి రాత్రి రెండు గంటలకు ఎంతసేపట్లో చేరతారో చూసుకున్నాకే ప్లాటు ధర అడగండి.

నీళ్లు తాగేవి, నీళ్లు ముంచేవి

నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ బాధ మనకు తెలియంది కాదు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. తెలంగాణలో 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక కొళాయి నీళ్లు వచ్చాయి. అయినా కొత్త ఇల్లు అనగానే మనం ముందు బోరే వేస్తాం, వంటకూ అవే వాడతాం. బోరు నీళ్లు పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు ఒక బస్తా సిమెంటును మించదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను తినేసిందో చూశాం. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. అయినా జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. ఎండలో, సరిగ్గా నీళ్లు తాగకుండా పనిచేసి వెళ్లే మనం మన కిడ్నీల గురించి ఇంకొంచెం ఎక్కువ ఆలోచించాలి.

వరదలు కూడా మన కళ్ల ముందరివే. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట దగ్గరి ఊళ్ల మీద పడింది. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండే ప్రాంతం అది. 2023 జూలైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచింది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో విజయవాడ కాలనీలు రోజుల తరబడి ఉన్నాయి. అదే ఏడాది జూలైలో హైదరాబాద్‌లో హైడ్రా వచ్చింది. చెరువుల ఎఫ్‌టీఎల్‌లో ఉన్నాయంటూ ఇళ్లు కూల్చింది. కాగితాలు చూడ్డానికి వకీలు ఉన్నాడు, మంచిదే. కానీ ఆ జాగాలో మోకాలి లోతు నీళ్లు ఎన్నిసార్లు వచ్చాయో చెప్పేది పక్క పొలం రైతు. ఆయన్ని అడగండి.

సముద్రం ఒడ్డున కట్టుకునేవాళ్లకు ఒక మాట. ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడటం మనం ఇక్కడ రోజూ చూసేదే. ఇనుము మీద కవర్ తగ్గించే మేస్త్రీని అక్కడ ఒప్పుకోవద్దు.

ఇంట్లో వాళ్లను అడిగారా?

మనం ఇక్కడ ఉన్న పదిహేనేళ్లూ ఇల్లాలు పిల్లల చదువుల కోసం జగిత్యాలలోనో, కరీంనగర్‌లోనో, రాయచోటిలోనో అద్దె ఇంట్లో ఉంది. ఆమెకు తెలిసిన డాక్టరు, కిరాణా కొట్టు, కష్టానికి వచ్చే పక్కింటామె అంతా అక్కడే. మనం దిగగానే "పద, ఊరికి పోదాం" అంటే ఆమెకు అది ఇంకో వలస. ఊరికి పోతే అత్తమామలను దగ్గరుండి చూసుకోవచ్చు, పలకరించే మనుషులుంటారు, ఖర్చు తక్కువ. పట్నంలో మురుగు, పందులు, ఏటేటా పెరిగే అద్దె. రెండు వైపులా కష్టముంది. ఏ కష్టం భరించగలమో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. నన్నడిగితే సొంత ఊరికి ఐదారు కిలోమీటర్లలో ఉన్న మండల కేంద్రమో, చిన్న పట్నమో మేలు. పొలానికి పొద్దున పోయి రావచ్చు, ఆస్పత్రి, మందుల షాపు, బస్సు అందుబాటులో ఉంటాయి.

"ఊళ్లో ఇల్లు కట్టకపోతే పరువేం కావాలి?" అంటారు. నిజమే, అప్పు చేసి దేశం పోయినవాడికి ఆ ఇల్లే గెలుపు గుర్తు. కానీ లెక్క చూడండి. యూఏఈ చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజులు, ఆపైన 30 రోజుల బేసిక్ జీతం గ్రాట్యుటీగా వస్తుంది. పదేళ్లు చేసినవాడికి 255 రోజుల బేసిక్. ఓవర్‌టైమ్ అందులో లేదు, పెన్షన్ అసలే లేదు. ఆ డబ్బంతా స్లాబులో పోస్తే మోకాళ్ల నొప్పికి, షుగరు బిళ్లలకు ఎక్కడినుంచి వస్తాయి? చిన్న ఇల్లు కట్టినవాణ్ని ఊరు నాలుగు రోజులు అనుకుంటుంది. పెద్ద ఇల్లు కట్టి మందులకు చెయ్యి చాచేవాణ్ని బతికినన్నాళ్లూ అనుకుంటుంది.

అందుకే ఈసారి ఒక్క సెలవు జూలై, ఆగస్టుల్లో పెట్టండి. కొనాలనుకున్న చోట వాన పడుతుండగా నిలబడండి. చీకటి పడ్డాక ఒక గంట ఉండండి. నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి. వెనక్కి వెళ్లిపోయే రోజు వచ్చినప్పుడు మొదటి ఏడాది అక్కడే అద్దెకుండి, అన్ని కాలాలూ చూసి, ఆ తర్వాత ముగ్గు పోయండి. ఏడాది అద్దె పోతుందని బాధపడకండి. నచ్చని చోట కట్టిన ఇల్లు అమ్మబోతే పోయేది అంతకంటే ఎక్కువ.

(రచయిత అబుదాబిలో నిర్మాణ రంగంలో సూపర్‌వైజర్)